మీది లెక్క

గత డిసెంబరులో సేవా కార్యక్రమాల కోసం వెళ్లినప్పుడు మన ప్రవాస తెలుగు సంఘం హనుమకొండలో జరిపిన సన్మాన సభ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాలేకపోయినవారు ఫొటోలైనా చూసే ఉంటారు. ఫొటోల్లో అంతా బాగానే ఉంది. శాలువాలున్నాయి, మెమెంటోలున్నాయి, వేదిక మీద కుర్చీలు చాలక వెనక ఇంకో వరుస వేయించుకుని కూర్చున్న మన కార్యవర్గమూ ఉంది. ఏ ఫొటోకూ ఎక్కని ఒక్క నిమిషం గురించి నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మా చెల్లె బిడ్డ మేముంటున్న దేశపు పదహారేళ్లలోపు బాలికల బాస్కెట్‌బాల్ జట్టులో పొరుగు దేశంపై ఆడి, ఆ సెలవుల్లోనే మాతోపాటు ఊరికి వచ్చింది. మరికొందరు పిల్లలతో కలిపి తననూ వేదిక మీదికి పిలిచారు. వ్యాఖ్యాత చేతిలోని కాగితంలో పిల్లల పేరు, తల్లిదండ్రుల సొంతూరు, చేసిన పాయింట్లు ఉన్నాయి. ముందు నిలబడ్డ అబ్బాయికి 24 అని చదవగానే హాలంతా చప్పట్లు మోగాయి. మా పిల్ల వంతు వచ్చేసరికి ఆయన కాగితం వంక ఒకసారి, పిల్ల వంక ఒకసారి చూసి, "రెండు... రెండు పాయింట్లు. పర్వాలేదమ్మా, పాల్గొనడమే గొప్ప" అన్నారు. వెనక వరుసల్లో నవ్వారు. అందులో ద్వేషమేమీ లేదు, ఇంటికొచ్చిన పిల్లను ఆట పట్టించినట్టు మనవాళ్లు నవ్వే నవ్వే అది. కానీ పరాయి దేశంలో పుట్టి పెరిగిన పదిహేనేళ్ల పిల్లకు ఆ తేడా ఎవరు చెప్పాలి? శాలువా మడతపెట్టి ఒళ్లో పెట్టుకుని, సభ అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ రాత్రి బాలసముద్రంలోని ఇంట్లో అందరూ పడుకున్నాక తను ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి, "మామా, ఇది మొత్తం చదువు" అంది. అది ఆ మ్యాచ్ గణాంకాల పట్టిక. తన పేరున్న అడ్డువరుస మీద వేలు పెట్టి ఒక్కొక్క గడి చెప్పుకుంటూ పోయింది. 40 నిమిషాల ఆటలో 26 నిమిషాలు కోర్టులో ఉంది. ఐదుసార్లు బంతి వేస్తే ఒక్కసారి పడింది, ఆ రెండు పాయింట్లు అవే. తర్వాతి గడుల్లో గురి తప్పి తిరిగొచ్చిన బంతిని పట్టిన రీబౌండ్లు 9, బుట్టలో పడ్డ బంతిని అందించిన అసిస్టులు 6, ఎదుటివారి నుంచి బంతి లాక్కున్న స్టీళ్లు 3, బంతి పోగొట్టిన టర్నోవర్లు 2, ఫౌళ్లు 4. చివరి గడిలో ప్లస్ 7. అంటే తను కోర్టులో ఉన్న సమయంలో వీళ్ల జట్టు ఎదుటి జట్టు కంటే ఏడు పాయింట్లు ఎక్కువ చేసిందన్నమాట. జట్టు ఓడింది మూడు పాయింట్ల తేడాతో. తను బెంచి మీద కూర్చున్న 14 నిమిషాల్లో ఏం జరిగిందో ఇక ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య వాడే ఎఫిషియెన్సీ లెక్క కూడా తనే చెప్పింది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, ఎదుటివారి షాట్లను అడ్డుకున్న బ్లాకులు కలిపి, అందులోంచి గురి తప్పిన షాట్లు, ఫౌల్‌కు బదులుగా దక్కి తప్పిన ఫ్రీ త్రోలు, పోగొట్టిన బంతులు తీసేయాలి. తనది 20లోంచి 6 పోగా 14. ఇందులో రెండు పాయింట్ల వాటా ఎంతో చూడండి.

నాకు మా నాయన గుర్తుకొచ్చాడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయి వచ్చిన రాత్రి ఆయన తక్‌పట్టీ, అంటే అమ్మకపు లెక్క చీటీ, నా చేతికిచ్చి చదవమనేవాడు. నేను తొందరపడి చివర రాసిన రూపాయల దగ్గరికి పోతే, "కింది లెక్క ఎవడైనా సదువుతడు, మీది లెక్క సదువు బిడ్డా" అనేవాడు. ఎన్ని బస్తాలు, తూకమెంత, తరుగెంత, ఏ ధర పడింది, హమాలీ ఎంత, అడ్తికి ఎంత పోయింది, పైన రాసిన ఆ లెక్కలన్నీ వరుసగా విన్నాకే ఆ కాగితాన్ని దూలానికి వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాడు. ఒక్కొక్క ఏడాది చేతికొచ్చిన పైసలు తక్కువే అయినా, తూకం బాగుందని సంతోషపడడం నేను చూశాను. ఆయనకు అక్షరాలు రావు. అక్షరాలన్నీ వచ్చి, సముద్రాలు దాటి, సంఘం పెట్టుకున్న మనం పిల్లల విషయంలో కింది లెక్క ఒక్కటే చదువుతున్నాం.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. వ్యాఖ్యాతను నిందించడానికి నాకు నోరు లేదు. ఆయన చేతిలోని కాగితానికి మూలమైన దరఖాస్తు నమూనా టైపు చేసింది నేనే. పేరు, సొంతూరు, పాయింట్లు. ఇంకో గడి పెట్టాలన్న ఆలోచనే నాకు రాలేదు. నక్కలగుట్ట నుంచి అదాలత్ సెంటర్ దాకా ఫ్లెక్సీల మీద ర్యాంకులు చూస్తూ పెరిగిన ఊరి అలవాటు విమానమెక్కినా నన్ను వదల్లేదు. ఆ అలవాటును పూర్తిగా తప్పుపట్టనూ లేను, ఒక్క అంకె చూసి బిడ్డను పై చదువులకు పంపిన తల్లిదండ్రుల వల్లే కదా మనలో సగం మంది ఇక్కడున్నాం.

పాయింట్లు ముఖ్యం కావని నేననను. ఆట తేలేది వాటితోనే, ఆ అబ్బాయి చేసిన 24కు చప్పట్లు న్యాయమైనవే. అయినా 2021 జూలైలో లాత్వియా రాజధాని రీగాలో జరిగిన 19 ఏళ్లలోపు ప్రపంచ కప్ ఫైనల్ చూడండి. ఫ్రాన్స్ కుర్రవాడు విక్టర్ వెంబన్యామా 22 పాయింట్లు, 8 రీబౌండ్లు, 8 బ్లాకులు చేశాడు. ఐదు ఫౌళ్లు నిండి ఆట ముగియక ముందే కోర్టు వదిలాడు. అమెరికా 83-81తో గెలిచింది. రెండు పాయింట్లతో పోయిన ఫైనల్లో ఆ ఫౌళ్ల గడి చదవకుండా 22 ఒక్కటే చదివితే ఏం తెలుస్తుంది? టోర్నమెంటు ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన అమెరికా కుర్రవాడు చెట్ హోల్మ్‌గ్రెన్ సగటు మ్యాచ్‌కు 12 పాయింట్లు కూడా లేదు.

అప్పుడు రాసిపెట్టనిది తర్వాత ఏ లెక్కకూ అందదు. అమెరికా ఆటగాడు బిల్ రసెల్ అక్కడి వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచాడు, ప్రత్యర్థుల షాట్లను ఆపడంలో ఆయన పేరే ముందు చెబుతారు. కానీ ఎన్ని ఆపాడంటే అధికారిక అంకె లేదు, ఎందుకంటే ఎన్‌బీఏ బ్లాకులనూ స్టీళ్లనూ నమోదు చేయడం 1973-74 సీజన్ నుంచే మొదలుపెట్టింది. ఇప్పుడు కోర్టు పక్క బల్ల దగ్గర ఒకరు ఆట మీంచి చూపు తిప్పకుండా నోటితో చెబుతుంటే మరొకరు టైపు చేస్తారు. అంతర్జాతీయ నియమాల్లో అయితే, పాస్ అందుకుని బుట్టలో వేయబోయిన ఆటగాడిని ఫౌల్ చేసి ఆపినా, అతడు ఒక్క ఫ్రీ త్రో బుట్టలో వేసినా చాలు, పాస్ ఇచ్చినవారికి అసిస్టు రాస్తారు. అంత శ్రద్ధగా రాసిన పట్టికలో కూడా, ఎదుటివారిని వీపుతో అడ్డుకుని పక్కవారికి బంతి దక్కేలా చేసిన పిల్లకు ఏ గడిలోనూ చోటు లేదు. రీబౌండు పట్టినవారి పేరునే పడుతుంది. పట్టికకే అందని ఆట ఇంత ఉండగా, అందినదాన్ని కూడా మనం చదవకపోతే ఎలా?

కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. వచ్చే దసరాకు పిల్లల చేతిలో జమ్మి పెట్టి, పేర్లు పిలిచేటప్పుడు ఒక్కొక్కరి వరుస మొత్తం చదవండి. మనిషికి అర నిమిషం ఎక్కువ పడుతుంది. వందన సమర్పణలో మన పదవుల జాబితా కొంచెం తగ్గిస్తే ఆ సమయం దొరుకుతుంది. నాట్యం చేసిన పిల్లకైనా, చదరంగం ఆడిన పిల్లవాడికైనా ఇదే పద్ధతి పెట్టవచ్చు. కొత్త దరఖాస్తు నమూనా నేనే తయారుచేసి కార్యదర్శిగారికి పంపాను. అందులో అంకెల గడులతో పాటు చివర ఒక ఖాళీ గడి పెట్టి, ఆ ఆటలో నీకు బాగా గుర్తున్నదేమిటని అడిగాను. ముందుగా మా పిల్లతోనే నింపించాను. తొమ్మిది రీబౌండ్ల గురించి రాస్తుందనుకున్నాను. మూడో క్వార్టర్‌లో సైడ్‌లైన్ దగ్గర తను పోగొట్టిన బంతి గురించి నాలుగు వాక్యాలు రాసి, గడి చాలక కాగితం వెనక్కి తిప్పింది.