గొర్రె నుంచి యోసేపు దాకా

మా చర్చి సంఘంలో యవ్వనస్థుల ఆత్మీయ ఎదుగుదల కుంటుపడిందని కొందరు గొణుగుతున్నారు. సంఘపెద్దల్లో ఒకడిగా దీన్ని ఖండించడం నా విధి. ఎదుగుదలను కొలవడానికి మా దగ్గర పకడ్బందీ పద్ధతి ఉంది. క్రిస్మస్ నాటికలో అయిదేళ్ల పిల్లవాడు గొర్రెగా చేరతాడు. మూడో తరగతికల్లా తలకు తుండుగుడ్డ చుట్టుకుని కాపరి అవుతాడు. ఎనిమిదిలో, పసి యేసుకు కానుకలు తెచ్చిన జ్ఞాని. నూనూగు మీసం రాగానే మరియ భర్త యోసేపు. కాటుకతో దిద్దే పని తప్పుతుంది. ఆపైన సౌండ్ బాక్సులు మోయడానికి అక్కరకొస్తాడు. ఒక మనిషి ఇంతకన్నా ఎంత ఎదగాలి?

మొన్న డిసెంబరులో రిహార్సల్ మధ్యలో పదో తరగతి అమ్మాయి చేయెత్తింది. “అంకుల్, జ్ఞానులు ముగ్గురని మత్తయి సువార్తలో ఎక్కడుంది?”

వెతికాం. లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని కానుకలు మూడున్నాయి గాని, తెచ్చినవాళ్ల లెక్క లేదు. పైగా వాళ్లు వచ్చింది పశువుల పాకకు కాదట, ఇంటికట. “అమ్మా, మన బీరువాలో మెరుపు అంగీలు మూడే ఉన్నాయి” అని వాక్యానుసారంగా నచ్చజెప్పాను. పిల్ల వినలేదు. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలు అడిగాడంటూ లూకా రెండో అధ్యాయం తెరిచింది. అడిగాడు, నిజమే. ఆ కన్నతల్లి కనబడని కొడుకు కోసం ఎంత తల్లడిల్లిందో కూడా అదే అధ్యాయంలో ఉంది. అది మాత్రం ఈ కాలం పిల్లలకు కనబడదు.

ప్రశ్నలకు మేము వ్యతిరేకులం కాము. బైబిల్లో అందరికన్నా ఎక్కువకాలం బతికిన మెతూషెల బతికింది ఎన్నేళ్లు? 969. 119వ కీర్తనలో వచనాలెన్ని? 176. ఇలాంటివి మేమే అడిగి, చెప్పినవారికి స్టీలు గిన్నె ఇస్తాం. జవాబు పెద్దలకు ముందే తెలిసి ఉండటం మంచి ప్రశ్నకు లక్షణం. కంఠత వాక్యం చెప్పమంటే మగపిల్లలంతా వరుసగా “యేసు కన్నీళ్లు విడిచెను” అనేసి కూర్చుంటారు. మూడే మాటలు గనక మాకూ సమయం కలిసివస్తుంది. ఎందుకు విడిచాడో వాళ్లు అడగరు, మేము చెప్పము.

ప్రసంగంలో కుర్రాళ్లు నిద్రపోతున్నారన్నది మరో ఫిర్యాదు. బైబిల్లో, త్రోయ పట్టణంలో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే యువకుడు కిటికీలో కునికి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మేము ఆ వాక్యభాగాన్ని శ్రద్ధగా ధ్యానించి కిటికీలకు గ్రిల్స్ పెట్టించాం.

1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టింది, వారమంతా పనిలో నలిగే పిల్లలకు ఆ ఒక్కరోజైనా అక్షరాలు నేర్పుదామని. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు ఆదివారం కూడా కాలేజీలోనే తరగతులు. తల్లిదండ్రులను నిలదీద్దామనుకున్నాం గాని, ఆ వరుసలో మొదట మా అబ్బాయే ఉన్నాడు. పరీక్షల ముందు హాల్ టికెట్లు పట్టుకుని ప్రార్థనకు మాత్రం అందరూ వస్తారు. ఆ రోజు బెంచీలు చాలవు.

అయినా విమర్శలకు తలవంచి, నిరుడు ఈస్టరుకు ప్రశ్నల పెట్టె పెట్టాం. కానుకల పెట్టె పక్కనే, అదే రంగు, అదే తాళం. ఆరు నెలల తర్వాత గుర్తొచ్చి తెరిస్తే తొంభై రూపాయలు, ఒక చీటీ దొరికాయి. యవ్వనస్థుల విభాగం ఆదాయం చూపించడం సంఘ చరిత్రలో అదే మొదలు.

చీటీలో ఇలా ఉంది: “అందరం ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం కదా, మా తాతయ్య ఎందుకు బతకలేదు?”

చేతిరాత తెలిసిందే. ఆదివారం తెర మీద పాటలు వేసే కుర్రాడిది. కమిటీ గంటసేపు చర్చించింది. పాస్టరు అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చీటీని వచ్చే నెల సమావేశానికి వాయిదా వేసి, తొంభై రూపాయలతో మైకు పిన్ను కొనాలని తీర్మానించాం.

పిన్ను బిగించింది ఆ కుర్రాడే.