తప్పిన ప్రమాదాలకూ లెక్క ఉండాలి

గత నెలలో ఒక సాయంత్రం ఆరున్నర దాటాక కూకట్‌పల్లి నుంచి మియాపూర్ వైపు స్కూటర్ మీద వెళ్తున్నాను. వెనుక మా అమ్మాయి కూర్చుంది. ఎడమ పక్క వీధిలోంచి వచ్చిన ఒక కారు, కాస్త ముందున్న యూటర్న్ అందుకోవడానికి మూడు వరసలనూ ఏటవాలుగా కోసుకుంటూ సరిగ్గా నా ముందుకు వచ్చింది. బ్రేకు నొక్కగానే వెనుక చక్రం జారింది. కారు తలుపుకు జానెడు దూరంలో బండి ఆగింది. నా వెనకాల వస్తున్న బస్సు కూడా సమయానికి ఆగింది కాబట్టే మేమిద్దరం ఇల్లు చేరాం. అర నిమిషంలో రోడ్డు మళ్లీ మామూలైపోయింది గానీ, మా అమ్మాయి మాత్రం ఇంటిదాకా నా చొక్కా వదల్లేదు.

పత్రికల భాషలో ఇది ‘త్రుటిలో తప్పిన ప్రమాదం’. ప్రభుత్వ లెక్కల్లో దీనికి చోటే లేదు. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాలవారే. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణం గానీ తీవ్ర గాయాలు గానీ కలిగించిన ప్రమాదాలు ఐదు జరిగితేనో, పదిమంది ప్రాణాలు పోతేనో ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’గా గుర్తిస్తారు. అంటే ఒక చోటు ప్రమాదకరమని ఒప్పుకోవడానికి మనం ముందుగా శవాలను లెక్కపెడుతున్నాం.

ఆ రోజు నాకు కారు నడిపినతని మీదే కోపం వచ్చింది. మర్నాడు అదే వేళకు అక్కడ పావుగంట నిలబడి చూస్తే, పక్క వీధిలోంచి వచ్చిన బండ్లు ఒకదాని తర్వాత ఒకటి అదే కోత కోస్తున్నాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. అడ్డును చూసి స్పందించడానికి, మన రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రెండున్నర సెకన్లు లెక్కగడుతుంది. అంటే బ్రేకు పడేలోపే 28 మీటర్లు గడిచిపోతాయి. సాయంత్రం రద్దీలో బండికీ బండికీ మధ్య అంత దూరం ఎక్కడుంటుంది? వీధి మొగకూ యూటర్న్‌కూ మధ్య చాలినంత దూరం వదలనప్పుడు, ఎంత జాగ్రత్తపరుడైనా ఆ కోత కోయక తప్పదు.

ఇలాంటి ఘటనలను కొలవడం కొత్తేమీ కాదు. 1960ల చివర్లోనే జనరల్ మోటార్స్ పరిశోధకులు కూడళ్ల దగ్గర నిలబడి, గుద్దుకోబోయి తప్పించుకున్న బండ్లను నమోదు చేశారు. తర్వాత స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం, ఎవరూ దారి మార్చుకోకపోతే ఢీకొనడానికి ఎన్ని సెకన్లు మిగిలేవో లెక్కించే పద్ధతిని తీర్చిదిద్దింది. మన దగ్గరా, కృత్రిమ మేధతో ప్రమాదాలు తగ్గించడానికి నాగ్‌పుర్‌లో మొదలైన ఐరాస్తే ప్రాజెక్టు తెలంగాణకు వచ్చి, ఆర్టీసీ బస్సుల్లో అమర్చిన కెమెరాల హెచ్చరికలను బట్టి, ఇంకా బ్లాక్ స్పాట్ కాని ‘గ్రే స్పాట్’లను గుర్తించే ప్రయత్నం చేసింది. నాకు తెలిసి రోడ్డు భద్రతలో ఇంతకన్నా విలువైన సమాచారం లేదు.

అదే పని నగర రోడ్ల మీద ప్రతి యూటర్న్ దగ్గరా జరగాలి. చలానాల కోసం పెట్టిన కెమెరాలు చాలా కూడళ్లలో ఇప్పటికే ఉన్నాయి. హెల్మెట్ లేనివారిని పట్టే ఆ కళ్లు, ఒకే చోట రోజూ ఎన్ని సడన్ బ్రేకులు పడుతున్నాయో కూడా చూడగలగాలి. మా దారిలోని ఆ వీధి మొగ దగ్గర, బండ్లు నేరుగా కుడి వరసలోకి దూకకుండా ఎడమ వరస వెంట కొంతదూరం అడ్డు స్తంభాలు పాతి, యూటర్న్‌ను ముందుకు జరపాలి. అందుకు అక్కడ ఐదు ప్రమాదాలు జరిగేదాకా ఆగనక్కర్లేదు.