బోడిగుండుకీ మూత్రాశయానికీ ముడి

బోడిగుండుకీ మోకాలికీ ముడిపడదని పెద్దలు తేల్చేశారు. పాపం, వాళ్లకి వైద్య పరిశోధన వ్యాసాల జాబితా పబ్‌మెడ్ తెలియదు. మోకాలి సంగతి అలా ఉంచితే, ఆ గుండులోని మెదడుకీ రెండు మూడడుగుల కింద ఉన్న మూత్రాశయానికీ ముడేసి ప్రొఫెసరైపోవడం ఇవాళ శాస్త్రసమ్మతం.

చిక్కేమిటంటే, ఆ ముడి కొంత నిజం. మూత్రవిసర్జనను నడిపించే కేంద్రం మెదడు అడుగున పాన్స్ అనే భాగం దగ్గరుందని 1925లోనే బారింగ్టన్ అనే పరిశోధకుడు పిల్లుల మీద చూపించాడు. మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తేవాళ్లకి రాసే ఆక్సీబ్యుటినిన్ అసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనాన్ని అడ్డుకుంటుంది. జ్ఞాపకశక్తికీ కావలసింది ఆ రసాయనమే. అందుకే 2015లో సియాటిల్ పరిశోధకులు 65 దాటిన 3,434 మందిని గమనించి, ఈ కోవ మందులు ఎక్కువగా వాడినవాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఎక్కువని చెబితే ఎవరూ నవ్వలేదు.

తర్వాత దారి రహదారి అయింది. 2021లో అమెరికాలో 72 లక్షలకు పైగా జనం బీమా రికార్డులు తిరగేసి, సిల్డెనాఫిల్ (అదే, వయాగ్రా) వాడినవాళ్లకి ఆల్జీమర్స్ ముప్పు 69 శాతం తక్కువన్నారు. మరుసటి ఏడాది ఇంకో బృందం వేరే రికార్డుల్లో వెతికి, అలాంటిదేమీ లేదంది. ఉందంటే ఒక పరిశోధన పేపరు, లేదంటే ఇంకో పేపరు. వ్యవసాయంలో కూడా ఇంత గ్యారంటీ రెండో పంట లేదు.

కాబట్టి వర్ధమాన యూరాలజిస్టు రోగిని చూడనక్కర్లేదు, ఎక్సెల్ షీటు చూస్తే చాలు. ఒక వరసలో మందు, ఇంకో వరసలో మతిమరుపు. మందు అమాయకంగా కనబడాలంటే సిల్డెనాఫిల్ మంచిది: గుండెనొప్పికి నైట్రేట్లు వాడేవాళ్లకి దాన్ని ఇవ్వరు, భార్య పేరే గుర్తులేని పెద్దాయన దాన్ని అడగడు. మిగిలేది సహజంగానే దిట్టమైనవాళ్లు. మందు దుర్మార్గంగా కనబడాలంటే ఆక్సీబ్యుటినిన్. మెదడు జబ్బు బయటపడకముందే మూత్రం ఆగకపోవడం మొదలవ్వచ్చు. అంటే మందు వచ్చేసరికే జబ్బు లోపలుంది. తగలబడుతున్న ఇంటికి వచ్చిన ఫైరింజను మీద నిప్పంటించిన కేసు పెట్టడం ఇక సులువే. ఈ రెండు లోపాలనూ దాచకూడదు, అది అనైతికం. చివరి పేరాకి ముందు ‘పరిమితులు’ అని రాయాలి. అక్కడిదాకా ఎవరూ రారు.

ఏమీ తేలకపోతే? ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికలు చెయ్యండి. కాకతాళీయాన్ని వడకట్టడానికి శాస్త్రం గీసుకున్న 0.05 గీత దగ్గర, ఒక్కటైనా ఊరికే ‘తేలే’ అవకాశం 64 శాతం. మిగతా 19 గురించి మౌనం మంచిది. తేలినదాన్ని గుమ్మడికాయ కోసినట్టు కోయాలి: మగవాళ్లకో ముక్క, ఆడవాళ్లకో ముక్క, డెబ్భై దాటినవాళ్లకో ముక్క. గింజలు మిగిలితే సంపాదకుడికి లేఖ.

పేరు ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనల్లో అసోసియేట్ ప్రొఫెసర్‌కి రెండు పేపర్లు కావాలన్నారు, మొదటి ముగ్గురిలోనో కరస్పాండింగ్ ఆథర్‌గానో (పేపరు తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాడు) పేరుండాలన్నారు. నాలుగోవాడు పెళ్లి ఫొటోలో వెనక వరస బాబాయి, ఉన్నాడు, కనబడడు.

ఇక హెచ్-ఇండెక్స్. హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన కొలత: కనీసం ఆరేసిసార్లు ఇతర పేపర్లు ఉటంకించిన పేపర్లు ఆరుంటే, సూచిక 6. 12 పేపర్లు రాసి, ప్రతిదాంట్లో అంతకుముందువన్నీ ఉటంకించండి. మొదటిదానికి 11, రెండోదానికి 10, ఆరోదానికి 6. బయటివాడు ఒక్కడూ చదవకుండానే సూచిక 6! కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, కాకికి లెక్కలొస్తాయని ఎవరూ చెప్పలేదు.

ఇంతలో ఓపీలో రాత్రికి ఐదుసార్లు లేచే తాతగారు ఫైలు పట్టుకుని నిలబడ్డారు. ‘ఈ మాత్ర మానెయ్యమంటారా, మార్చమంటారా డాక్టరుగారూ?’ పన్నెండు పేపర్లలోనూ చివరి వాక్యం ఒకటే: మరిన్ని పరిశోధనలు అవసరం. పదమూడోది రాస్తున్నారు తాతగారూ, కూర్చోండి.