గోడకి ప్యానెల్ ఎక్కింది, గ్రాఫ్ మాత్రం కదలట్లేదు

పదో తరగతి లెక్కల పేపర్లో గ్యారంటీ మార్కులు అని ఒక కేటగిరీ ఉంటుంది, ఏ మీడియం అయినా, ఏ జిల్లా అయినా. వీక్ పిల్లలకి సార్లు సంక్రాంతి సెలవుల ముందే చెప్పేస్తారు, మిగతావి వదిలెయ్ నాయనా, గ్రాఫ్ ఒక్కటి నేర్చుకో, ఆ మార్కులు ఎక్కడికీ పోవు అని. ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్ మైనస్ 4, పుస్తకంలో ఉన్న బహుపదే, దీనికి గ్రాఫ్ గీసి శూన్యాలు, అంటే గీత ఎక్స్ అక్షాన్ని తాకే చోట్లు, కనుక్కోమంటే పిల్లలు కళ్ళు మూసుకుని టేబుల్ వేస్తారు. మైనస్ 2 నుంచి 5 దాకా ఎక్స్, దాని కింద 6, 0, మైనస్ 4, మైనస్ 6, మళ్ళీ మైనస్ 6, మైనస్ 4, 0, 6. చుక్కలు పెట్టి, పెన్సిల్‌తో నున్నగా కలిపి, కుడివైపు పైన స్కేల్ రాసి, శూన్యాలు మైనస్ 1, 4 అని తేల్చేస్తారు. ఫుల్ మార్కులు. ఇప్పుడు ఆ పిల్లాడినే పక్కకి పిలిచి, ఒరేయ్, చివర్లో ఉన్న మైనస్ 4 తీసేసి ప్లస్ 4 పెడితే ఈ గీత ఎటు పోతుందిరా అని అడగండి. మళ్ళీ టేబుల్ వేస్తా సార్ అంటాడు. గీత మొత్తం 8 గళ్ళు పైకి జరుగుతుంది, ఎక్స్ అక్షాన్ని వదిలేస్తుంది, అందుకే శూన్యాలే ఉండవు అని టేబుల్ లేకుండా చెప్పగలిగే వాళ్ళు క్లాసుకి ఎంతమంది ఉంటారో ఏ లెక్కల సార్‌ని అడిగినా చెప్తారు, చాలామంది నవ్వి ఊరుకుంటారు కూడా.

పిల్లాడి తప్పేం లేదు. వాడికి ఆ గీతని కదిపి చూసే ఛాన్స్ ఎవరూ ఇవ్వలేదు. నా గొడవంతా ఇదే. పదేళ్ళ నుంచి రెండు రాష్ట్రాల్లోనూ "డిజిటల్ విద్య" పేరుతో కొన్నదంతా పిల్లలకి చూపించే సరుకే, పిల్లల చేతికిచ్చే సరుకు దాదాపు లేదు.

ఈ కథ మీరు ఫాలో అయ్యే ఉంటారు. 2017లో కేంద్రం డిజిటల్ పాఠాల వేదిక దీక్ష వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు వచ్చాయి, స్కాన్ చేస్తే వీడియో. కోవిడ్‌లో టీవీ పాఠాలు, తెలంగాణలో ప్రభుత్వ ఛానల్ టీ-శాట్. 2022 డిసెంబర్లో ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకి, వాళ్ళ టీచర్లకి కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు, లోపల ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్ కంటెంట్. తర్వాత క్లాస్‌రూముల్లో టీవీ లాంటి పెద్ద పెద్ద ఐఎఫ్‌పీ టచ్ ప్యానెల్స్, అటు తెలంగాణలోనూ డిజిటల్ క్లాస్‌రూములు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, గోడ మీద ప్యానెల్ మాత్రం ఉంది, దాని మీద ఎవరో ఒకాయన పాఠం చెప్తూ ఉంటాడు, పిల్లలు చూస్తూ ఉంటారు. నల్లబల్ల దగ్గర సార్ చెప్పినప్పుడు కనీసం మధ్యలో చెయ్యెత్తి అడగొచ్చు, వీడియోలో ఆయన ఆగడు.

ఇందులో ఒక తమాషా ఉంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. జియోజెబ్రా అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. 2001లో ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే కుర్రాడు తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టాడు. సమీకరణం టైప్ చేస్తే గ్రాఫ్ వస్తుంది, గ్రాఫ్‌ని లాగితే సమీకరణం మారుతుంది, త్రిభుజం శీర్షం పట్టుకుని లాగితే కోణాలన్నీ కళ్ళ ముందే మారతాయి. స్కూలు వాడకానికి ఫ్రీ, ఫోన్లో వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. లెక్కలు నేర్పడానికి ఈ పాతికేళ్ళలో ఇంతకన్నా మంచి వస్తువు వచ్చిందంటే నేను ఒప్పుకోను. మరి 2021 డిసెంబర్లో ఈ జియోజెబ్రాని కొన్నదెవరో తెలుసా? మన బైజూసే. అంటే సరిగ్గా ఏడాది తర్వాత మన పిల్లలకి ట్యాబుల్లో పాఠాలు ఇచ్చిన కంపెనీ చేతిలో అప్పటికే ప్రపంచంలో మేలైన గణితం బొమ్మ ఉంది. కానీ ట్యాబుల పంపిణీ అప్పుడు ఊరూరా జరిగిన ప్రచారమంతా వేలకి వేలు ఖరీదు చేసే వీడియో పాఠాలు పేద పిల్లలకి ఫ్రీగా ఇస్తున్నాం అనే. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, అది వేరే కథ. నా ప్రశ్న కంపెనీ గురించి కాదు. అడిగేవాడికి ఏం అడగాలో తెలియకపోతే అమ్మేవాడు ఏది సులువో అదే అమ్ముతాడు కదా.

సరే, పిల్లల చేతికిస్తే ఏమవుతుంది? ఒక్క ఉదాహరణ చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, వీలైతే ఫోన్ తీసి చేసి చూడండి.

జియోజెబ్రాలో వై ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ ప్లస్ బిఎక్స్ ప్లస్ 4 అని కొట్టండి. బి కి ఒక స్లైడర్ వస్తుంది, మైనస్ 10 నుంచి 10 దాకా పెట్టుకోండి. బి సున్నా దగ్గర ఉన్నప్పుడు గిన్నె లాంటి పరావలయం వై అక్షం మీద నిటారుగా, నేల నుంచి, అంటే ఎక్స్ అక్షం నుంచి, 4 గళ్ళ పైన కూర్చుని ఉంటుంది. స్లైడర్ ముట్టుకోకముందే క్లాసుని అడగాలి, బి పెంచితే ఇది ఎటు పోతుంది? ఇదే అసలు పాయింట్, ముందు గెస్ చేయించాలి, నోట్‌బుక్‌లో రాయించాలి, తర్వాతే జరపాలి. సగం మంది పక్కకి జరుగుతుంది అంటారు, కొందరు సన్నగా అవుతుంది అంటారు, ఎవడో ఒకడు పైకి పోతుంది అంటాడు. జరిపితే అది ఎడమకి జారుతూ కిందకి దిగుతుంది. ఇంకో దిక్కుకి జరిపితే కుడికి జారుతూ కిందకే దిగుతుంది. ఏ దిక్కుకి పోయినా 4 దగ్గర వై అక్షాన్ని మాత్రం వదలదు. గిన్నె అడుగున ఒక చుక్క పెట్టి దాని జాడ ఆన్ చేస్తే ఆ జాడ ఇంకో పరావలయం, తలకిందులుగా! క్లాసులో గోల అవుతుంది, కావాలి కూడా. ఈ తలకిందుల గీత సమీకరణం ఏంటో కనుక్కోండి అని ఇంటికి పంపొచ్చు, అది వై ఈక్వల్ టు 4 మైనస్ ఎక్స్ స్క్వేర్.

ఇంకా అయిపోలేదు. బి 3 దగ్గర గిన్నె నేలకి తగలదు. 5 దగ్గర మైనస్ 1, మైనస్ 4 దగ్గర రెండు చోట్ల కోస్తుంది. సరిగ్గా ఎక్కడ తగులుతుంది? పిల్లలే జరిపి జరిపి చూసి బి 4 అయినప్పుడు సార్ అంటారు, ఎవరో మైనస్ 4 దగ్గర కూడా తగులుతుంది అంటారు. ఇప్పుడు చివర ఉన్న 4 తీసేసి 9 పెట్టమనండి, 6 దగ్గర తగులుతుంది. 16 పెడితే 8. 25 పెడితే 10. బోర్డు మీద ఈ జతలు రాసి చాక్‌పీస్ కింద పెట్టి నోరు మూసుకుని నిలబడాలి టీచర్. కాసేపటికి ఎవరో ఒకళ్ళు, చాలాసార్లు మనం అనుకోని పిల్లే, సార్ అది వర్గమూలానికి రెట్టింపు కదా అంటుంది. ఆ చివరి అంకెని సి అనుకుని, ఆ మాటనే వర్గం చేస్తే బి స్క్వేర్ ఈక్వల్ టు 4సి. బి స్క్వేర్ మైనస్ 4ఎసి అని మనం తరతరాలుగా మంత్రంలా బట్టీ పట్టిస్తున్న విచక్షణి అదే, ఇక్కడ ఎక్స్ స్క్వేర్ ముందుండే ఎ 1 అంతే. సున్నా కన్నా ఎక్కువైతే రెండు మూలాలు, తక్కువైతే లేవు, ఇదంతా పిల్లలు కళ్ళతో చూశాక పేరు పెట్టడమే మిగులుతుంది. ఒక్క పీరియడ్‌లో, రూపాయి ఖర్చు లేకుండా. ఏ వీడియో ఈ పని చెయ్యగలదు? వీడియోలో ఆ తలకిందుల గీత ముందే కనిపించేస్తుంది, పిల్లకి తప్పు గెస్ చేసే హక్కు కూడా ఉండదు.

ఇలాంటివి కొల్లలు. నోబెల్ వచ్చిన ఫిజిక్స్ ప్రొఫెసర్ కార్ల్ వైమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో లెక్కలవి కూడా బోలెడు, ఒక్కో ఫైల్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళొచ్చు. కేంబ్రిడ్జ్ వాళ్ళ లెక్కల సైట్ ఎన్‌రిచ్ 1996 నుంచి ఉంది. అన్నీ ఫ్రీ. టెండర్ అక్కర్లేదు, బహుశా అందుకే ఎవరికీ పట్టలేదేమో.

ఆ మాటకొస్తే కరెంట్ కూడా అక్కర్లేదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ వర్గ సమీకరణాన్ని బొమ్మతోనే సాధించాడు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 10ఎక్స్ ఈక్వల్ టు 39. పాత క్యాలెండర్ కాగితంలోంచి ఒక చతురస్రం కత్తిరించండి, భుజం ఎక్స్. పక్కన ఎక్స్ బై 10 దీర్ఘచతురస్రం. దాన్ని నిలువుగా రెండు చేస్తే ఎక్స్ బై 5 ముక్కలు రెండు, వాటిని చతురస్రానికి రెండు పక్కల అతికిస్తే పెద్ద చతురస్రం దాదాపు అయిపోతుంది, మూల మీద 5 బై 5 ఖాళీ మాత్రం ఉంటుంది. ఆ 25 వేస్తే 39 కాస్తా 64 అవుతుంది, భుజం 8, కాబట్టి ఎక్స్ 3. వర్గం పూర్తి చేయడం అంటే నిజంగా వర్గాన్ని పూర్తి చేయడమేనని మా తరంలో ఎంతమందికి తెలుసు? మనం సగం తీసుకుని వర్గం చేసి రెండు వైపులా కూడాలి అని నేర్చుకున్నాం, ఎందుకో అడగలేదు. మన దగ్గరే, 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకం వేశాడు, జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని ప్రస్తావించాక అమెరికాలో కూడా అచ్చైంది. నూట ముప్పై ఏళ్ళ కింద మాట ఇది.

బొమ్మలతో లెక్కలు రావు, బొమ్మ రుజువు కాదు, సిలబస్ అవ్వదు, పైగా వీడియోలు లేకపోతే టీచర్ లేని స్కూళ్ళ సంగతేంటి అనేవాళ్ళు ఉన్నారు. చివరిది నిజమే, కోవిడ్‌లో ఆ టీవీ పాఠాలే దిక్కయ్యాయి. బొమ్మ రుజువు కాదన్నది కూడా నిజం, పైన చెప్పిన సమీకరణానికి మైనస్ 13 అనే ఇంకో మూలం ఉంది, కాగితం ముక్కల్లో అది కనపడనే కనపడదు, భుజం మైనస్ ఎలా అవుతుంది మరి. ఇంకా చెప్పాలంటే బొమ్మ అబద్ధం కూడా ఆడుతుంది. 8 బై 8 చతురస్రాన్ని నాలుగు ముక్కలు చేసి, రెండు త్రిభుజాలు, రెండు సమలంబ చతుర్భుజాలు, వాటినే 5 బై 13 గా పేర్చితే 64 గళ్ళు 65 అయిపోతాయి. పిల్లలకి పిచ్చెక్కిపోతుంది. త్రిభుజం వాలు 3 బై 8, రెండో ముక్క వాలు 2 బై 5, రెండూ ఒకటి కావు, కర్ణం వెంట కంటికి ఆనని సన్నటి చీలిక ఉంది, దాని వైశాల్యమే ఆ ఒక్క గడి. రుజువు ఎందుకురా కావాలి అన్న ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలీదు. అదీ బొమ్మే ఇచ్చింది చూడండి.

మరి ఇంత తేలికైంది, ఇంత చవకైంది క్లాసులోకి ఎందుకు రాదు? నా అనుమానం ఒకటే. వీడియోకి టీచర్ అక్కర్లేదు. స్లైడర్‌కి టీచర్ కావాలి, అదీ ఎప్పుడు అడగాలో ఎప్పుడు ఆగాలో తెలిసిన టీచర్ కావాలి. మన సిస్టమ్‌కి టీచర్ మీద నమ్మకం లేదు, అందుకే టీచర్‌ని దాటుకుని పిల్లల దగ్గరికి పోయే దేన్నైనా ఎగబడి కొంటుంది. మంచి టీచర్ని తయారు చేయడానికి పదేళ్ళు పడుతుంది, ప్యానెల్ బిగించడానికి ఒక పూట చాలు, రిబ్బన్ కటింగ్ కూడా ప్యానెల్‌కే కుదురుతుంది.

ఒక గవర్నమెంట్ హైస్కూల్లో ఎస్ఏ మ్యాథ్స్, అంటే లెక్కల స్కూల్ అసిస్టెంట్ టీచర్, రోజు ఎలా ఉంటుందో చూడండి. రాగానే ఫేస్ యాప్‌లో అటెండెన్స్, సిగ్నల్ రాకపోతే గేటు దగ్గర ఫోన్ పైకెత్తుకుని నిలబడాలి. మధ్యాహ్న భోజనం లెక్క ఒక యాప్. మార్కుల ఎంట్రీ ఇంకో సైట్. ఆంధ్రాలో కొన్నాళ్ళు బాత్రూముల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేసే డ్యూటీ కూడా టీచర్లదే, గొడవ గొడవ అయ్యాక తీసేశారు. ట్రైనింగ్ అంటే యూట్యూబ్ లైవ్ పెట్టుకుని హాజరు లింక్ నింపడం. పదో తరగతికైతే డిసెంబర్ నుంచి యాక్షన్ ప్లాన్, స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, ఎవరు పాస్ ఎవరు ఫెయిల్ అని రోజూ రిపోర్టు. ఈ మనిషి ఇంటికెళ్ళి రాత్రి కూర్చుని స్లైడర్ ఫైల్ తయారు చేసుకోవాలా? చేసుకునే వాళ్ళూ ఉన్నారు, వాట్సాప్ గ్రూపుల్లో ఒకరికొకరు పంపుకుంటారు, ఏ సర్క్యులర్‌లోనూ వాళ్ళ ఊసుండదు.

కార్పొరేట్ స్కూళ్ళు బెటర్ అనుకోకండి, అక్కడ ఇంకా ఘోరం. మైక్రో షెడ్యూల్ అని పైనుంచి వస్తుంది, ఏ తారీఖున ఏ పీరియడ్‌లో ఏ ఎక్సర్‌సైజ్‌లో ఎన్నో లెక్క దాకా చెప్పాలో రాసి ఉంటుంది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, బిట్లు, షార్ట్‌కట్లు. పైన నేను చెప్పిన గోల, తప్పు గెస్‌లు, నోరు మూసుకుని నిలబడటం, వీటికి ఆ షెడ్యూల్‌లో అర నిమిషం కూడా చోటుండదు. ఒక పక్క టీచర్‌ని డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని చేశారు, ఇంకో పక్క డెలివరీ బాయ్‌ని చేశారు, రెండు చోట్లా పిల్లలకి లెక్కలు రావట్లేదని సర్వేలు వస్తే మాత్రం అందరూ కలిసి టీచర్నే తిడతారు.

నన్నడిగితే కొత్తగా ఏదీ కొనక్కర్లేదు, ఉన్న ప్యానెల్స్ చాలు, అవి టచ్ స్క్రీన్లే, పిల్లల్ని లేపి వేలు పెట్టి జరపనివ్వండి, పగులుతుందేమో అన్న భయం పక్కన పెట్టి. చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో లెక్కల సార్లు, మేడమ్‌లు వాళ్ళలో వాళ్ళు కూర్చుని ఇలాంటివి నాలుగు తయారు చేసుకునేలా వదిలెయ్యండి, పైనుంచి లైవ్ పెట్టకండి. పదో తరగతి పేపర్లో ఒక్క ప్రశ్న మార్చండి, అంకెలే లేని పరావలయం ఒకటి అచ్చేసి ఎ, బి, సి ల గుర్తులు ప్లస్సా మైనస్సా చెప్పి కారణం రాయమనండి, ఏ గైడ్ ఏం చేస్తుందో చూద్దాం. ఇక వచ్చేసారి డిజిటల్ కంటెంట్‌కి జీవో ఇచ్చేటప్పుడు ఎన్ని కోట్లు పెడుతున్నారో రాసే లైను కిందే, లెక్కల టీచర్‌కి వారానికి ఎన్ని ఖాళీ పీరియడ్లు ఇస్తున్నారో కూడా రాయమని టీచర్ సంఘాలు అడగాలి, జీతాలు పెంచే పీఆర్సీ అడిగినంత గట్టిగా.