చుట్టం కాని చుట్టం

ఒక్క చంద్రుడు మనకు చాలడం లేదు. కొన్నాళ్లకోసారి పత్రికల్లో ‘భూమికి రెండో చంద్రుడు’ అని వార్త వస్తుంది, మనం సంబరపడతాం. పాత చంద్రుడు మాత్రం తన పక్షాలేవో తాను చూసుకుంటూ పోతాడు. ఆయన నొచ్చుకుంటాడేమోనన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఆ రెండో పదవికి మనం ఎక్కించిన వాటిలో పేరున్నది 2016 హెచ్‌ఓ3 అనే గ్రహశకలం. హవాయి దీవుల్లోని పాన్‌స్టార్స్ దూరదర్శినికి 2016 ఏప్రిల్ 27న దొరికింది. ‘హెచ్’ అంటే ఏప్రిల్ రెండో సగం, మిగతాది వరుస సంఖ్య. ఖైదీకి నంబరు ఇచ్చినట్టుందని కాబోలు, 2019లో హవాయి భాషలో కామోఅలేవా అని నామకరణం చేశారు. మనిషి, క్షమించాలి, రాయి 40 నుంచి 100 మీటర్ల లోపు. 28 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది గనక అక్కడ దినపత్రిక పెట్టే సాహసం ఎవరూ చేయకపోవడం మంచిది.

ఇది మన చుట్టూ తిరుగుతోందా అంటే, తిరగడం లేదు. అది తిరిగేది సూర్యుడి చుట్టూ. ఒక చుట్టుకు మనలాగే ఏడాది పడుతుంది, కాకపోతే దాని దారి మన దారికన్నా కాస్త కోల. అందుకని సగం కాలం సూర్యుడి వైపు జరిగి, వేగం పుంజుకుని మనల్ని దాటిపోతుంది. మిగతా సగం బయటికి జరిగి, మందగించి వెనకబడుతుంది. దారికి కొంచెం వాలు కూడా ఉండటంతో మధ్యమధ్య పైకీ కిందికీ ఊగుతుంది. ఒకే దారిన పోతున్న ఇద్దరిలో ఒకడు కాసేపు ఈ పక్కన ముందు, కాసేపు ఆ పక్కన వెనక నడిస్తే రెండోవాడికి ‘వీడు నా చుట్టూనే తిరుగుతున్నాడు’ అనిపిస్తుంది. మనకూ అనిపించింది. అంతటితో ఊరుకోకుండా ‘క్వాసీ శాటిలైట్’, అంటే ఉపగ్రహంలా కనిపించేది, అని శాస్త్రోక్తంగా రాసి పెట్టుకున్నాం.

న్యాయానికి ఒక మాట చెప్పాలి. అది జారిపోబోయినప్పుడల్లా భూమి ఆకర్షణ కొంచెం వెనక్కి లాగుతుంది. దాదాపు వందేళ్లుగా ఇలా నడుస్తోంది, ఇంకొన్ని వందల ఏళ్లు నడుస్తుందని లెక్క. అయినా ఆ రాయి మర్యాద తెలిసింది. ఎంత దగ్గరికొచ్చినా సుమారు 1.45 కోట్ల కిలోమీటర్ల అవతలే, అంటే చంద్రుడి దూరానికి 38 రెట్ల దూరంలో ఆగుతుంది. చుట్టూ తిరిగినంత మాత్రాన ఎవరూ చుట్టం కారు. ఇదైతే చుట్టూ కూడా తిరగడం లేదు.

ఆ పదవికే ఎక్కించిన మరొకటి, చుట్టపుచూపుగా వచ్చింది, 2024 పీటీ5. పది మీటర్ల రాయి. ఆ ఏడు సెప్టెంబరు 29న వచ్చి నవంబరు 25న వెళ్లిపోయింది. ఒక్క ప్రదక్షిణ కూడా పూర్తి చేయలేదు. ఇది అర్జున అనే గ్రహశకలాల బృందంలోది. అవును, భారతంలోని అర్జునుడి పేరే. తీర్థయాత్రలో ఆగిన చోటల్లా సంబంధం కలుపుకున్న వీరుడి పేరు పెట్టుకున్న రాయి మన దగ్గర ఏ సంబంధమూ కలుపుకోకుండా వెళ్లింది. కలిపింది మనమే.

అసలు మనం ఒప్పుకునే బంధుత్వాలు రెండే. రాయి చంద్రుడైనా కావాలి, యముడైనా కావాలి. 2024 డిసెంబరు 27న దొరికిన 2024 వైఆర్4కు రెండో హోదా దక్కింది. 2032 డిసెంబరు 22న అది భూమిని ఢీకొనే అవకాశం ఎక్కుతూ ఎక్కుతూ 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతమైంది. రాయి మాత్రం వీసమంతైనా దారి మార్చుకోలేదు. ఆ రోజున అది ఎక్కడ ఉండగలదో చెప్పే మన అంచనా మొదట్లో చాలా పొడవాటి పట్టీ. చూసినకొద్దీ పట్టీ కురచవుతుంది. భూమి ఇంకా అందులోనే ఉంటే, కురచైన పట్టీలో భూమి వాటా పెరుగుతుంది. మరికాస్త కురచయ్యాక భూమి పట్టీ బయట పడుతుంది, శాతం కుప్పకూలుతుంది. ఆ నెలాఖరుకు జరిగింది అదే. పెరిగింది మన తెలివి, హడలింది మనమే. శాతం పడిపోయిన మర్నాడు ఆ రాయి ఊసెత్తినవాడు లేడు.

గుర్తుపట్టడంలోనూ మనది గొప్ప నేర్పే. 2025 జనవరి 2న గ్రహశకలాల చిట్టా రాసే మైనర్ ప్లానెట్ సెంటర్ 2018 సీఎన్41 అనే కొత్త గ్రహశకలాన్ని ప్రకటించి, ఒక రోజు తిరక్కుండానే కొట్టేసింది. అది 2018లో ఎలాన్ మస్క్ అంతరిక్షంలోకి పంపిన టెస్లా కారు. 2007లో రోసెట్టా వ్యోమనౌక భూమి ఆకర్షణతో ఊపు అందుకోవడానికి దగ్గరికి వస్తే దానికీ గ్రహశకలమని నంబరిచ్చారు. నిజంగా మనవాళ్లు అనదగినవి ఆ రెండే. ఆ రెంటినీ జాబితాలోంచి తీసేశాం.

ఇక కామోఅలేవా మీద పడి తిరిగొచ్చే వెలుగును పరీక్షించినవారు అది చంద్రశిలను పోలి ఉందని 2021లో చెప్పారు. అదే నిజమైతే మనం రెండో చంద్రుడని మురిసిపోయింది మొదటి చంద్రుడి పెచ్చును. తేల్చుకోవడానికి 2025 మేలో చైనా తియాన్‌వెన్-2 నౌకను దాని దగ్గరికి బయల్దేరదీసింది. ఇన్నాళ్లకు మనమే చుట్టపుచూపుకు వెళ్తున్నాం. పలకరించి ఊరుకోం లెండి. వచ్చేటప్పుడు కాస్త గీరి తెచ్చుకుంటాం.