బ్లేడు పలచబడింది, భారం రేజర్ మీద పడింది

బ్లేడు ఎంత పలచగా ఉంటే గడ్డం గీత అంత నున్నగా వస్తుందని చాలామంది నమ్మకం. కానీ పదును ఉండేది అంచులో. వెనకున్న రేకు మందం వేరే లెక్క.

1880ల్లో అమెరికాలో కాంఫే సోదరులు తెచ్చిన స్టార్ సేఫ్టీ రేజర్‌లో ఉన్నది పొట్టిగా కోసిన గడ్డం కత్తి లాంటిదే. వీపు మందం, అంచు పలచన. పదును తగ్గితే తోలుపట్టీ మీద రుద్దుకోవాలి. అంత ఉక్కును ఎవరు పారేస్తారు? జిల్లెట్ కంపెనీ స్థాపకుడు కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు కావలసింది మాత్రం పారేసే బ్లేడే. పారేయాలంటే చవగ్గా ఉండాలి, అందుకు ఉక్కు తక్కువ పట్టాలి. కాబట్టి పలచదనానికి మొదటి కారణం చర్మం సుఖం కాదు, ఖర్చు.

అంత పలచని రేకును కాల్చి గట్టిపరిస్తే వంకర పోతుంది. ఆ చిక్కు విప్పింది ఇంజినీరు విలియం నికర్సన్. 1903లో అమ్మకం మొదలైతే ఆ ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు! మందం అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. 1904 పేటెంటులో అసలు తెలివి మరొకటి ఉంది: బ్లేడు తనంతట తాను బిగువుగా నిలబడలేదు, దానికి బిగువిచ్చేది పట్టుకున్న రేజరే. నన్నడిగితే ఆ ఆవిష్కరణ బ్లేడుది కాదు, బిగింపుది.

1930ల చివర్లో జిల్లెట్ 'థిన్' పేరుతో ఇంకా పలచని బ్లేడు తెచ్చింది. ఇప్పటి రెండంచుల బ్లేడు సుమారు 0.1 మిల్లీమీటర్లు, అంటే దాదాపు గడ్డం వెంట్రుక మందం. 1960ల్లో బ్రిటిష్ కంపెనీ విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చిన సంచలనం మాత్రం మందానికి సంబంధించింది కాదు. తుప్పు పట్టకుండా, పైపూత వల్ల ఎక్కువ రోజులు మన్నింది, అంతే. తర్వాత కార్ట్రిడ్జ్‌లు, అంటే బ్లేడ్లను ముందే బిగించిన తలలు వచ్చాయి. 1990 నాటి జిల్లెట్ 'సెన్సార్' రేజర్‌లో సన్నటి ఉక్కు పట్టీలను లేజర్‌తో ఆధారానికి అతికించారు. బ్లేడు ఇక చేత్తో పట్టుకునే వస్తువుగా మిగల్లేదు.

అలాగని మందం బ్లేడు ఓడిపోయిందా? జెమ్ తరహా ఒకే అంచు బ్లేడ్లు సుమారు 0.23 మిల్లీమీటర్లు ఉంటాయి. వాటితో ఇప్పటికీ హాయిగా గీసుకునేవాళ్లున్నారు. అంత మందం ఉంటే రేకు వణకదు.

ఇక పాత రేజర్లు సేకరించేవాళ్ల సంగతి. 0.15 లెక్కతో చేసిన రేజర్‌లో 0.1 బ్లేడు బిగిస్తే అంచుకూ, దాని కింద రేజర్‌కుండే దువ్వెన లాంటి పళ్లకూ మధ్య సందు కొద్దిగా మారుతుంది. గీత తేడాగా వస్తే చాలామంది బ్లేడు బ్రాండు మారుస్తారు. ముందు చూడాల్సింది ఆ సందును.