సవరణ: రిగ్రెషన్ వేరు, రీటెస్టింగ్ వేరు

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేస్తున్నవాళ్ల కోసం మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

డెవలపర్ బగ్‌ని, అంటే ప్రోగ్రామ్‌లోని తప్పుని సరిచేశాక దాన్ని మళ్లీ చూడడమే రిగ్రెషన్ అని రాశాను. కాదు, అది రీటెస్టింగ్. ఆ మార్పు వల్ల అంతకుముందు బాగా పనిచేసినవి ఏమైనా చెడిపోయాయా అని చూడడం రిగ్రెషన్. బస్ టికెట్ల యాప్‌లో కూపన్ వేస్తే తగ్గింపు రావట్లేదనుకోండి. సరిచేశాక మళ్లీ కూపన్ వేసి చూడడం రీటెస్టింగ్. కూపన్ లేకుండా కొంటే మొత్తం సరిగ్గా పడుతోందా, టికెట్ రద్దు చేస్తే డబ్బు ఎంత వెనక్కి వస్తోంది, జీఎస్టీ లెక్క మారిపోయిందా అని చూడడం రిగ్రెషన్. మాదాపూర్‌లో ఇంటర్వ్యూకి వెళ్లి, మీరు రాసిందే చెప్పి ఇబ్బంది పడ్డానని ఒక అమ్మాయి చెప్పింది. చాలా బాధేసింది. క్షమించమ్మా.

రెండోది, ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ పరీక్షకు (టెస్టర్లకు సర్టిఫికెట్ ఇచ్చే తొలి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) అందరికీ 60 నిమిషాలే అన్నాను. మాతృభాష కాని భాషలో రాసేవాళ్లకు 25 శాతం అదనం, అంటే 75 నిమిషాలు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఆ పావుగంట ఎంతో విలువైంది, వదులుకోకండి. 40 ప్రశ్నల్లో 26 సరైతే పాస్ అన్నది మాత్రం సరిగానే రాశాను.